26 కేజీల బస్తా

పేరుకే ఆదివారం. సార్వా కోతల రోజుల్లో మిల్లుకి సెలవేమిటి? పొద్దున్న ఏడింటికల్లా గేటు బయట ధాన్యం ట్రాక్టర్లు వరస కట్టేశాయి. మండపేటలో ఈ నెలంతా ఇంతే. మూడో ట్రాక్టర్ దగ్గర రైతుకీ మా కుర్రాడికీ తేమ మెషిన్ మీద గొడవ. తేమ 17 శాతం దాటితే తరుగు తియ్యాలి, ఆయన గింజ పద్దెనిమిదిన్నర చూపిస్తోంది. "నిన్న కళ్లంలో పదహారే ఉందండీ, రాత్రి మంచు పడిందండీ" అంటాడాయన. నిజమే అయ్యుంటుంది. మెషిన్‌కి మంచు సంగతి ఎవరు చెప్తారు? మధ్యాహ్నం దాకా ఆరబోసి మళ్లీ చూపించమన్నాను.

పదకొండింటికి ఇంటికొచ్చేసరికి మా అమ్మాయి అమ్మలు హాల్లో కాగితాలన్నీ పరిచి కూర్చుంది. కాకినాడలో డిగ్రీ చదువుతోంది, పొలిటికల్ సైన్స్. రేపు వాళ్ల క్లాసులో ఉత్తుత్తి ఎన్నికల డిబేట్. ఇద్దరు అభ్యర్థులు, ప్రశ్నలడిగే మేడమ్, ఒక్కో జవాబుకి ఒక నిమిషం. సర్వేల్లో ఇద్దరూ సరిసమానంగా ఉన్నారని అనుకోవాలట. అమ్మలుకి పడింది మధ్యేవాది వేషం. పన్నులన్నీ కోసేస్తానని అనకూడదు, పెంచి అన్నీ ఉచితంగా ఇస్తాననీ అనకూడదు. "పన్ను ప్రశ్న తప్పకుండా వస్తుంది నాన్నా, అదే టెన్షన్. నువ్వు అకౌంట్లు చూస్తావుగా, చెప్పు" అంది. పన్ను లెక్కకట్టడం వేరు, దాని మీద ఓట్లడగడం వేరు అన్నాను. వినలేదు. ల్యాప్‌టాప్‌లో పాత వీడియోలు పెట్టింది.

మొదట అమెరికా, 1984 అధ్యక్ష ఎన్నికలు. అధ్యక్షుడు రీగన్ మీద నిలబడ్డ వాల్టర్ మాండేల్ తన పార్టీ సభలో కుండబద్దలు కొట్టాడు. రీగన్ పన్నులు పెంచుతాడు, నేనూ పెంచుతాను, ఆయన మీకు చెప్పడు, నేను ఇప్పుడే చెప్పాను అని. చప్పట్లు మోగాయి. తీరా చూస్తే 50 రాష్ట్రాల్లో 49 పోయాయి, సొంత రాష్ట్రం మిన్నెసోటా ఒక్కటే మిగిలింది. తర్వాత 1988, పెద్ద బుష్. నా పెదవుల కేసి చూడండి, కొత్త పన్నులు ఉండవు అన్నాడు, గెలిచాడు. 1990లో ప్రతిపక్షంతో బడ్జెట్ ఒప్పందం చేసుకుని పెంచాడు. 1992లో ఆ ఒక్క మాటే ఆయన్ని వెంటాడింది. "అవునంటే అప్పుడే పోతాడు, కాదంటే నాలుగేళ్లకి పోతాడు" అన్నాను, ఏదో కనిపెట్టినవాడిలా. అమ్మలు వెంటనే అడ్డం తగిలింది. మాండేల్‌ది అసలు దగ్గరి పోటీయే కాదట, ఆయన ఏం చెప్పినా రీగనే గెలిచేవాడట. నిజమే. నిజం చెప్పి ఓడిన ప్రతివాణ్నీ నిజం వల్లే ఓడాడనడానికి లేదు.

దగ్గరి పోటీ అంటే 2000. ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడాతో దేశం చేతులు మారింది. మొదటి డిబేట్‌లో అల్ గోర్ లెక్కలన్నీ ముందేసుకుని వచ్చాడు. చిన్న బుష్ పన్ను కోతలో బాగా డబ్బున్న ఒక్క శాతం మందికే ఎంత పోతుందో మళ్లీ మళ్లీ చెప్పాడు. బుష్ దానికి లెక్కతో జవాబు ఇవ్వలేదు, అదంతా మసక లెక్క అని తీసిపారేశాడు. జనానికి గుర్తున్నది గోర్ అంకెలు కావు, బుష్ మాట్లాడుతుంటే మైకులో వినపడ్డ ఆయన నిట్టూర్పులు. అకౌంటెంటుగా నాకు మనసు చివుక్కుమంది. మా ఓనరుగారి ముందు నేనూ ఎన్నిసార్లు అలా నిట్టూర్చి ఉంటానో.

ఇంతకంటే పాపం ఆస్ట్రేలియా ఆయన. జాన్ హ్యూసన్, ఎకనామిక్స్ ప్రొఫెసర్. 1993లో కొత్తగా జీఎస్టీ తెస్తానని పోటీ చేశాడు. గెలుపు ఖాయమన్నారు. పోలింగ్‌కి పది రోజుల ముందు టీవీలో ఒకటే అడిగారు, పుట్టినరోజు కేక్ ధర పెరుగుతుందా తగ్గుతుందా అని. ఆయన నిజాయితీగా మొదలుపెట్టాడు. కేక్ మీద అలంకారం ఉంటే ఒకలా, ఐస్‌క్రీమ్ ఉంటే ఒకలా, కొవ్వొత్తులు ఉంటే... అంతే సంగతులు. అమ్మలు పడీ పడీ నవ్వింది. "మన ఆత్రేయపురం పూతరేకుల మీద అడిగితే? బెల్లంవి ఒక రేటు, పంచదారవి ఒక రేటు, జీడిపప్పు వేస్తే ఇంకో రేటు!" వాళ్లమ్మ వంటింట్లోంచి, "పూతరేకులు తెచ్చేది లేదు గానీ కబుర్లు మాత్రం" అంది.

ఇవన్నీ చూసి మధ్యేవాదులు నేర్చుకున్నదల్లా గీత గియ్యడం. ఒబామా 2008లో రెండున్నర లక్షల డాలర్ల దగ్గర గీశాడు, అంతకు లోపు సంపాదించే కుటుంబం మీద పన్ను పెరగదని. బైడెన్ 2020లో దాన్ని నాలుగు లక్షలకి జరిపాడు. మన లెక్కలో ఏడాదికి మూడు కోట్ల పైమాట. అంటే వింటున్న హాల్లో దాదాపు అందరూ గీతకి లోపలే. చప్పట్లు కొట్టక ఏం చేస్తారు? అంతకుముందు 2019లో, బైడెన్ పార్టీ తన అభ్యర్థిని ఎంచుకోవడానికి ఒహాయోలో జరిగిన డిబేట్‌లో ఎలిజబెత్ వారెన్‌ని, అందరికీ ప్రభుత్వ వైద్యం ఇస్తే మధ్యతరగతి పన్ను పెరుగుతుందా అని అడిగారు. మొత్తం ఖర్చు తగ్గుతుందనే తప్ప పన్ను మాట ఎత్తదు ఆవిడ. పక్కనున్న మధ్యేవాది బుటిజెజ్ పట్టుకున్నాడు, అవునా కాదా అనే ప్రశ్నకి అవునో కాదో రాలేదని. ఎదుటివాళ్లని అవునా కాదా అని నిలదియ్యాలి, మనం మాత్రం గీత గీసుకోవాలి. "ఇదే నా ప్లాన్" అంది అమ్మలు, నోట్‌బుక్‌లో రెండుసార్లు అండర్‌లైన్ చేసి.

అప్పుడు నాకు మా గోడౌన్ గుర్తొచ్చింది. 2022 జూలై 18 నుంచి, ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం బస్తా 25 కేజీలు, అంతకు లోపు అయితే 5 శాతం జీఎస్టీ. దాటితే లేదు. ఏమైంది? బజార్లోకి 26 కేజీల బస్తా వచ్చింది. ఆ కేజీ బియ్యం ఎవరి ఆకలి కోసం వచ్చిందీ కాదు, గీత దాటడం కోసం వచ్చింది. పై కేజీ ఎందుకండీ అని ఇప్పటికీ ఏ ముసలమ్మగారో అడుగుతూనే ఉంటారు.

ఒక్కోసారి గీసినవాళ్లే పక్కన సందు వెతుక్కుంటారు. బ్రిటన్‌లో 2024 జూన్‌లో డిబేట్. లేబర్ పార్టీ వస్తే ప్రతి ఇంటికీ 2,000 పౌండ్ల పన్ను అని అప్పటి ప్రధాని సునాక్ అంటుంటే లేబర్ నాయకుడు స్టార్మర్ ఖండించడానికే చాలాసేపు పట్టింది. ఇన్‌కమ్ టాక్స్, జీతాల మీద కట్టే నేషనల్ ఇన్సూరెన్స్, వ్యాట్ పెంచబోమని లేబర్ వాళ్ల మాట. గెలిచి, అక్టోబర్ బడ్జెట్‌లో యజమానులు కట్టే నేషనల్ ఇన్సూరెన్స్‌ని 13.8 నుంచి 15 శాతం చేశారు. ఉద్యోగి వాటా ముట్టుకోలేదు కాబట్టి మాట తప్పలేదన్నారు. ఇది కూడా 26 కేజీల బస్తాయే.

భోజనాల దగ్గర మా పెదమావయ్య కథ చెప్పాను. 1997లో నీటి సంఘాల ఎన్నికలు మొదటిసారి పెట్టినప్పుడు నిలబడ్డాడు. అప్పటికి నీటి తీరువా బాగా పెంచేసి ఉన్నారు, రైతులు మండిపడుతున్నారు. రచ్చబండ దగ్గర ఒకాయన అడిగాడు, నువ్వొస్తే తీరువా తగ్గుతుందా, ఇంకా పెరుగుతుందా అని. అవతల నిలబడ్డాయన అప్పటికే తగ్గిస్తానని చెప్పేశాడు. మావయ్య, "తీరువా నా చేతుల్లో లేదండీ. కాలవలో గుర్రపుడెక్క తియ్యడం, బోదె పూడిక తియ్యడం నా చేతుల్లో ఉంది" అన్నాడు. పదకొండు ఓట్ల తేడాతో నెగ్గాడు.

"భలే జవాబు నాన్నా, రాసుకుంటాను" అంది.

మిగతాది కూడా చెప్పక తప్పలేదు. మరుసటి ఏడాది శివారు పొలాలకి నీళ్లు అందలేదు. పనులకి డబ్బు సగమే వచ్చింది. టీ కొట్టు దగ్గర కనిపిస్తే చాలు, "చేతుల్లో ఉందన్నావుగా" అనేవారట. మావయ్య ఏడాదిపాటు ఇంట్లోనే టీ తాగాడు.

మళ్లీ మిల్లుకి వెళ్లి వచ్చాను. ఆ ట్రాక్టర్ రైతు ధాన్యం సాయంత్రానికి 16.8కి వచ్చింది. ఆయన ముఖం చూడాలి!

రాత్రి డాబా మీద నేను మేడమ్‌ని, అమ్మలు అభ్యర్థి. ఫోన్‌లో నిమిషం పెట్టాను. మీరు వస్తే మధ్యతరగతి పన్ను పెరుగుతుందా, అవునా కాదా? గీత గీసింది, ఎదుటివాణ్ని నిలదీసింది, యాభై సెకన్లలో ముగించింది. బాగుంది. "సరే, మీ గీతకి ఒక్క రూపాయి పైన ఉన్నవాడు కిందకి జరిగిపోతే, ఆ లోటు ఎవరు కడతారు?" అన్నాను. మేడమ్ అంత దూరం అడగరంది. అడిగితే? కాసేపు కాలవ వైపు చూసి, నోట్‌బుక్‌లో ఏదో రాసుకుంది. చూపించమంటే చూపించలేదు.

పొద్దున్న ఐదున్నర బస్సు. అలారం పెట్టాను.