అడ్వెంట్ స్పీకర్లు, మాయమైన వూఫర్లు: నా అనుభవం

నిన్న రాత్రి ఈమని శంకరశాస్త్రిగారి వీణ పెట్టాను. మంద్రస్థాయి తీగ మీటినప్పుడు ఆ నాదం గదంతా నిండి, కుర్చీ చేతుల మీద పెట్టిన వేళ్ళకు తగిలింది. యాభై ఏళ్ళు దాటిన స్పీకర్లు ఇవి. పారెయ్యమని సలహా ఇచ్చినవాళ్ళే ఎక్కువ. వాళ్ళ మాట విననందుకు గర్వంగా ఉంది. నన్ను నానా తిప్పలు పెట్టిన షాపు మీద కోపం చల్లారకముందే ఇదంతా రాసేస్తున్నాను.

మా న్యూజెర్సీ ఊళ్ళోనే ఉండే ఒక తెలుగు డాక్టరుగారు ఇల్లు అమ్మి అపార్టుమెంటుకు మారుతూ వీటిని నాకు ఇచ్చేశారు. 1970లలో ఈ దేశానికి వచ్చిన కొత్తలో కొనుక్కున్నారట. డబ్బు తీసుకోలేదు. "పాతికేళ్ళుగా బేస్‌మెంటులో పడి ఉన్నాయయ్యా. పాడితే నీవి, పాడకపోతే చెత్తబండివి" అన్నారు. ఒక్కో పెట్టె ఇరవై కిలోలు. మా అబ్బాయీ నేనూ కలిసి కారెక్కించాం.

ఇవి అడ్వెంట్ కంపెనీ వారి పెద్ద స్పీకర్లు. వీటి వెనక ఉన్న ఆలోచన తెలిస్తే నా పట్టుదల అర్థమవుతుంది. ఒకప్పుడు లోతైన బేస్, అంటే మంద్ర శబ్దం, కావాలంటే బీరువా అంత పెట్టె ఉండాల్సిందే. ఎడ్గార్ విల్చర్ అనే అమెరికన్ ఆవిష్కర్త ఆ లెక్క మార్చాడు. గాలి చొరబడని చిన్న పెట్టెలో చాలా మెత్తగా కదిలే కోన్ (ముందుకూ వెనక్కూ ఊగి శబ్దం పుట్టించే గరాటు లాంటి భాగం) బిగించి, లోపల చిక్కుకున్న గాలినే స్ప్రింగుగా వాడుకున్నాడు. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో ఆయన పాఠాలు విన్న హెన్రీ క్లోస్ ఆయనతో చేతులు కలిపాడు. 1954లో ఇద్దరూ అకూస్టిక్ రీసెర్చ్ కంపెనీ పెట్టారు. అదే క్లోస్ 1967లో మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్‌లో అడ్వెంట్ స్థాపించాడు. ఖరీదైన స్పీకర్లలో దొరికే బేస్‌ను మామూలు జీతగాడికి ఒక్కొక్కటి వంద డాలర్ల పైచిలుకుకే అందించాలని ఆయన సంకల్పం. ఎక్కడ ఖర్చు తగ్గించాడో చూస్తే ముచ్చటేస్తుంది. శబ్దం పలికించే డ్రైవర్లు రెండే రెండు, బేస్ పలికే వూఫరు ఒకటి, సన్నటి శబ్దాలు పలికే ట్వీటరు ఒకటి. రెండింటి మధ్య పంపకం 1,000 హెర్ట్జ్ దగ్గర, అంతకు కింది శబ్దాలు వూఫరుకు, పైవి ట్వీటరుకు. వూఫరు 10 అంగుళాల చట్రాన్ని 12 అంగుళాల రంధ్రంలో కూర్చోబెట్టడానికి ప్రత్యేకంగా పోత పోయించలేదు. చుట్టూ మేసొనైట్ అనే, చెక్కపీచు అదిమి చేసిన అట్టతో ఒక రింగు అతికించాడంతే. గరుకుగా, గోధుమరంగులో ఉండే ఆ రింగు సంగతి గుర్తుంచుకోండి.

ముందరి గుడ్డ చట్రం ఊడదీసేసరికి కోన్ చుట్టూ ఉండాల్సిన ఫోమ్ వలయం నల్లటి జిగురు ముక్కలై వేళ్ళకు అంటుకుంది. పాలియురెథేన్ ఫోమ్ తత్వమే అది. గాలిలోని తేమ, ఆక్సిజన్ దాన్ని కొరికేస్తాయి. మోగించినా మోగించకపోయినా పదిహేను, ఇరవై ఏళ్ళలో రాలిపోతుంది. పాత స్పీకరు పాడైపోయిందని జనం వీధిలో పెట్టేటప్పుడు నిజంగా పాడైంది చాలాసార్లు ఈ వలయం ఒక్కటే. అయస్కాంతం, కోన్‌ను కదిలించే తీగచుట్ట (కాయిల్), కోన్ నిక్షేపంగా ఉంటాయి. మల్టీమీటరు పెట్టి చూశాను. నా వూఫర్ల కాయిళ్ళు రెండూ బాగానే ఉన్నాయి.

అప్పుడు ఆఫీసులో ఊపిరాడని పని. అందుకని స్పీకర్లు బాగుచేస్తామని బోర్డు పెట్టుకున్న ఒక షాపులో ఇచ్చాను. పేరు రాయను. ఇచ్చేముందు అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీశాను, వూఫర్ల వెనక ఎవరో పెన్సిలుతో వేసిన గుర్తులతో సహా. ఇది మా ఇంటి అలవాటు. మా నాన్నగారు బోరు మోటారు రివైండింగుకు ఇచ్చేటప్పుడు పాత రాగితీగ తన కళ్ళ ముందే తూకం వేయించేవారు. ఊళ్ళో అందరూ చాదస్తం అనేవారు. ఆ చాదస్తమే ఇప్పుడు నన్ను కాపాడింది.

కౌంటరు దగ్గరి మనిషి మొదటే పెదవి విరిచాడు. వీటికి డబ్బు తగలెయ్యడం దండగ అని, సన్నగా పొడుగ్గా ఉన్న కొత్త స్పీకర్ల వైపు చెయ్యి చూపించాడు. నేను వినలేదు. "రెండు వూఫర్లకు ఫోమ్ మార్పిడి" అని రసీదు రాయించుకుని వచ్చాను. కొన్ని వారాల తరువాత రెండు వందల ఎనభై డాలర్లు కట్టి ఇంటికి తెచ్చుకున్నాను. మృదంగం వింటే ఎడమ మూత నాదమే లేదు. కుడివైపు చాపు ఖణీమంటోంది, ఎడమ చేతి దెబ్బ డొల్లగా, అట్టపెట్టె మీద కొట్టినట్టు వస్తోంది. గుడ్డ చట్రం తీసి చూశాను. మేసొనైట్ రింగు లేదు. నిగనిగలాడే నల్ల చట్రం, మందపాటి రబ్బరు అంచు. నా వూఫర్లు కావవి.

శనివారం వెళ్ళాను. షాపు నిండా జనం. పాతవి కాలిపోయాయని, వాటికన్నా మంచివి వేశామని చెప్పాడు. ఫోమ్ మార్చడానికి కదా ఇచ్చింది, నన్ను ఒక్క మాటైనా అడగలేదేం అన్నాను. అతను నా వైపు కాకుండా పక్కనున్న ఖాతాదారుల వైపు తిరిగి, గొంతు పెంచి, "అసలు మీ సంగీతంలో బేస్ ఎక్కడుంటుంది? తేడా నీకు తెలుస్తుందా?" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. నా ఒళ్ళంతా మండిపోయింది. పదేళ్ళ వయసు నుంచి కచేరీల్లో మృదంగం పక్కన కూర్చుని విన్నవాడిని నేను. తంబురా శ్రుతి వెంట్రుకవాసి తప్పితే పట్టుకునే చెవి నాది. ఆ చెవిని నలుగురిలో నవ్వులపాలు చేస్తాడా?

అరవలేదు. స్పీకర్లు కారులోనే ఉన్నాయి. ఒకటి లోపలికి తెప్పించి, వాళ్ళ ఆంప్లిఫయరుకే తగిలించి, ఫోనులోంచి 40 హెర్ట్జ్ శబ్దం పెట్టమన్నాను. అడ్వెంట్ దాన్ని అవలీలగా పలకాలి. కోన్ కాస్త వణికింది, శబ్దం దాదాపు రాలేదు. కారణం అందరికీ వినపడేలా చెప్పాను. ఈ పెట్టెలోని గాలి స్ప్రింగులా పనిచేయాలంటే కోన్ చాలా వదులుగా కదలాలి. బిగుతైన కోన్ పెడితే ఎంత ఖరీదైనదైనా లోతుకు దిగదు. అందాకా నవ్వినవాళ్ళలో ఒకాయన దగ్గరికి వచ్చి తనకూ పాత అడ్వెంట్లు ఉన్నాయని చెప్పాడు. నా వూఫర్లు ఏవని అడిగితే, కౌంటరు మనిషి పారేశామన్నాడు.

పారెయ్యలేదు. అదే సాయంత్రం పాత సామాను అమ్మే వెబ్‌సైటులో "అసలైన అడ్వెంట్ వూఫర్లు, జత" అని ప్రకటన కనిపించింది. వెనక వైపు ఫొటోలో అవే పెన్సిలు గుర్తులు. ఎనిమిది అంకెకు తోక వంకరగా ఉంటుంది, అదీ అలాగే ఉంది. ఆ ఫొటోనూ నా ఫొటోనూ పక్కపక్కన అచ్చువేయించి, రసీదు జతచేసి, సోమవారం కౌంటరు మీద పెట్టాను. ఈ రాష్ట్రంలో చిన్న మొత్తాల కోర్టులో వకీలు లేకుండానే దావా వేయవచ్చని, దరఖాస్తు నింపి సంచిలో పెట్టుకుని వచ్చానని చెప్పాను. గంటలోపల నా వూఫర్లు "వెనక గదిలో దొరికాయి". డబ్బు మొత్తం తిరిగి ఇచ్చేదాకా కదలలేదు. క్షమాపణ మాత్రం చెప్పలేదు. అది నాకు ఇప్పటికీ బాకీయే.

డాక్టరుగారికి ఫోను చేసి చెప్పాను.

"ఇంకెవడి చేతికీ ఇవ్వకు నాయనా. నేనొస్తాను, ఇద్దరం కూర్చుని అతికిద్దాం. నలభై ఏళ్ళు కుట్లు వేసిన చెయ్యి ఇది."

"మీకెందుకు శ్రమ డాక్టరుగారూ, మీరు పక్కన కూర్చుని చెప్పండి చాలు, నేను చేస్తాను."

"చెప్పడం కాదు. జిగురు తెప్పించి పెట్టు."

ఆయన నిజంగానే వచ్చారు. ఫోమ్ కిట్టు ముప్పై డాలర్ల చిల్లర. కొనేటప్పుడు మేసొనైట్ రింగు ఉన్న పాత అడ్వెంట్‌కు తగినదే అడగండి, తరువాతి మోడళ్ళ చట్రం వేరు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో కోన్ అంచు తుడుస్తుంటే నల్లటి జిగురు పొరలు పొరలుగా వచ్చింది. తొందరపడి గీకితే కాగితం కోన్ చిరుగుతుంది. డాక్టరుగారు దూదిని అద్దుతూ, ఆగుతూ, మళ్ళీ అద్దుతూ పోయారు. ముందు ఫోమ్‌ను కోన్‌కు అతికించి ఆరనిచ్చాం. తరువాత బయటి అంచు. అక్కడే ఒడుపు కావాలి. కాయిల్ అయస్కాంతం సందులో సరిగ్గా మధ్యన నిలబడాలి, లేకపోతే రాసుకుని గరగరమంటుంది. జిగురు తడిగా ఉండగానే 30 హెర్ట్జ్ శబ్దం చాలా సన్నగా పెట్టి, చెవి దగ్గరికి ఆనించి, అంచును వేలితో అటూ ఇటూ జరుపుతూ నిశ్శబ్దంగా కదిలే చోట వదిలేశాం. డాక్టరుగారు కళ్ళు మూసుకుని విన్నారు. ఆరాక 1.5 వోల్టుల బ్యాటరీ తాకించి రెండు కోన్లూ ఒకే దిశలో కదులుతున్నాయని చూసుకున్నాం.

ట్వీటర్లు పనిచేస్తున్నాయి. శబ్దాన్ని రెండు డ్రైవర్లకూ పంచడానికి వాడే కెపాసిటర్లు మీటరు మీద సరిపోయాయి, వాటి జోలికి పోలేదు. వెనక ట్వీటరు జోరు తగ్గించి పెంచే మూడు మెట్ల స్విచ్ ఉంటుంది. తుప్పు పట్టి గరగరలాడితే పాతిక సార్లు తిప్పండి, సగం జబ్బులు అక్కడే పోతాయి. బిగించేటప్పుడు వూఫరు చుట్టూ సీలు గాలి చొరబడకుండా ఉండాలి. ఇది బద్ధకించకూడని పని. పెట్టెలో గాలి నిలవకపోతే విల్చర్ కనిపెట్టినదంతా వృథా.

మీకు ఎవరైనా పాత స్పీకర్లు ఇస్తే, ఫోమ్ చూసి భయపడకండి. షాపుకు ఇవ్వక తప్పకపోతే తీసేసిన ప్రతి భాగం తిరిగి ఇవ్వాలని రసీదు మీద రాయించండి. రాయనన్నవాడి షాపులోంచి వెంటనే బయటికి వచ్చేయండి. న్యూజెర్సీలో ఎడిసన్ ఊరి చుట్టుపక్కల ఉన్నవాళ్ళు వూఫర్లు పట్టుకుని మా ఇంటికే రావచ్చు. ఫోమ్ మీరు తెచ్చుకోండి, జిగురు నాది. ఆదివారాలైతే డాక్టరుగారూ ఉంటారు.