కరెంటు బిల్లు వెనకాల మక్కు

ఆదివారం పొద్దున కూర్చున్నదాన్ని, లేచేసరికి దీపాలు పెట్టే వేళయింది. అమ్మ మూడుసార్లు అన్నానికి పిలిచి ఊరుకుంది. చేసిన పనల్లా, డిజైన్లకి పనికొస్తాయని రెండేళ్లుగా ఫోన్లో పోగేసిన రిఫరెన్సులు మిలానోట్‌లో (బొమ్మలూ నోట్సూ బోర్డుల మీద సర్దుకునే యాప్) పరుచుకోవడం. 640 ఫొటోలు!

విజయవాడ బీసెంట్ రోడ్డులో తీసిన చేతిరాత సైన్‌బోర్డులు, మంగళగిరి చీర నిజాం అంచు మీద వరసగా నిలబడే బుల్లి గోపురాలు, కొండపల్లిలో ఒకాయన తెల్లపొణికి చెక్క ముక్కల్ని మక్కుతో అతికిస్తున్న వీడియో. మక్కు అంటే చింతగింజల పొడి, రంపం పొట్టు కలిపిన ముద్ద. అది ఎక్కడ రాసుకున్నానా అని ఇల్లంతా వెతికితే కరెంటు బిల్లు వెనకాల దొరికింది.

మొదట రంగుల వారీగా సర్దాను. చూడ్డానికి ముచ్చటగా ఉంది, పనికి మాత్రం సున్నా. అంతా చెరిపి, ఒక్కో పనికి ఒక బోర్డు, దాని లోపల చిన్న బోర్డులు పెట్టా. ప్రతి బొమ్మ కింద 'ఇది ఎందుకు దాచాను' అని ఒక్క ముక్క రాయాలని రూలు. సగానికి జవాబే లేదు, పీకి పారేశా. (పింటరెస్ట్‌వే ఎక్కువ, చెప్పుకుంటే సిగ్గు.)

అలా జరుపుతుంటే గోపురాల అంచు వచ్చి ఆవకాయ సీసా లేబుల్ స్కెచ్ పక్కన పడింది. చేతులు ఆగిపోయాయి. మూడు వారాలుగా క్లయింటు "ఏదో వెలితిగా ఉందండీ" అంటున్నది దీని గురించే! మూత చుట్టూ ఆ గోపురాల వరస నడిపిస్తే? రెంటికీ మధ్య బాణం గీసి, లేచి చల్లారిన పప్పన్నం తిన్నా.

రేపు చూపించాలి. అన్నట్టు, ఆ కరెంటు బిల్లు ఇంకా కట్టలేదు.