పాత ల్యాప్‌టాప్‌లో వైఫై కార్డు మొరాయిస్తే

పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాక వైఫై రాకపోతే చాలామంది కార్డు పాడైందని తేల్చేసి కొత్తది కొంటారు. నా దృష్టిలో అది తొందరపాటు. ముందుగా టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే విండోలో) ఎల్ఎస్‌పీసీఐ (lspci) కమాండ్ ఇచ్చి, అది చూపే పరికరాల జాబితాలో కార్డు పేరు ఉందేమో చూడాలి. ఉంటే మదర్‌బోర్డు దానిని గుర్తించినట్లే కనుక, లోపం డ్రైవర్‌లోనో (కార్డుతో సిస్టమ్ పని చేయించుకునే సాఫ్ట్‌వేర్), ఫర్మ్‌వేర్‌లోనో (కార్డు లోపల నడిచే సాఫ్ట్‌వేర్), రేడియోను ఆపివేసిన స్విచ్‌లోనో ఉండే అవకాశం ఎక్కువ. స్విచ్ సంగతి ఆర్ఎఫ్‌కిల్ (rfkill) అనే కమాండ్ చెబుతుంది: సాఫ్ట్ బ్లాక్ (సాఫ్ట్‌వేర్ రేడియోను ఆపడం) కమాండ్‌తోనే తొలగిపోతుంది, హార్డ్ బ్లాక్ (భౌతిక స్విచ్ ఆపడం) అయితే సాధారణంగా ల్యాప్‌టాప్ అంచున ఉండే మీటను జరపాలి.

కొన్ని పాత కార్డుల ఫర్మ్‌వేర్‌ను పంచే హక్కు లేనందువల్ల దానిని ఇన్‌స్టాలర్‌లో చేర్చరు. నెట్ లేనిదే అది దిగదు, అది లేనిదే వైఫై రాదు. అప్పుడు ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ చేసుకోవడమే (ఫోన్ నెట్‌ను ల్యాప్‌టాప్‌కు అందించడమే) సులువు.

అన్నీ సరిగ్గానే ఉండి, పొరుగువారి నెట్‌వర్క్‌లు కనిపిస్తున్నా మన ఇంటిది మాత్రమే కనిపించకపోతే, రౌటర్ ఛానల్‌ను (సిగ్నల్ పంపే ఫ్రీక్వెన్సీ భాగాన్ని) పరిశీలించాలి. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై బ్యాండ్‌లో మన దేశంలో 13 ఛానళ్లు వాడుకోవచ్చు గానీ, అమెరికా నిబంధనలకు తగ్గట్టు తయారైన కార్డులు సాధారణంగా 11వ ఛానల్ దాటి వెతకవు. రౌటర్‌ను 1, 6, 11లలో ఒకదానికి మారిస్తే సరిపోతుంది.