నకులుడి పేరే ఎందుకు?

ఆనృశంస్యం పరో ధర్మః పరమార్థాచ్చ మే మతమ్ ।
ఆనృశంస్యం చికీర్షామి నకులో యక్ష జీవతు ॥

యక్షప్రశ్నలు అనగానే మనకు ఆ ప్రశ్నలూ జవాబులే గుర్తొస్తాయి. గాలికన్నా వేగమైనది మనసు, భూమికన్నా బరువైనది తల్లి. చిన్నప్పుడు కంఠస్థం చేసినవే. నా మనసు మాత్రం అవన్నీ అయిపోయాక వచ్చే ఈ శ్లోకం దగ్గరే ఆగిపోతుంది. అక్కడికి తెలివికి పెట్టిన పరీక్ష ముగిసింది. ఇక ధర్మరాజు ఒక పేరు చెప్పాలి.

12 ఏళ్ల అరణ్యవాసం చివరి రోజులవి. ముందు ఏడాది అజ్ఞాతవాసం, ఆ పైన యుద్ధం తప్పేలా లేదు. సరస్సు ఒడ్డున నలుగురు తమ్ముళ్లూ ప్రాణం లేకుండా పడి ఉన్నారు. ఒక్కరిని బతికిస్తాను, ఎవరు కావాలో చెప్పమన్నాడు యక్షుడు. నకులుణ్ణి బతికించమన్నాడు ధర్మరాజు. పదివేల ఏనుగుల బలమున్న భీముణ్ణి, పాండవులంతా ఎవరి చేతుల మీద ఆశ పెట్టుకున్నారో ఆ అర్జునుణ్ణి వదిలేసి నకులుడేమిటని యక్షుడే అడిగాడు.

ఆ ప్రశ్నలోనే మంచి సాకు దొరుకుతుంది చూడండి. "అర్జునుడు లేకపోతే రాజ్యం తిరిగి రాదు, అందరి మేలు కోసమే అడుగుతున్నాను" అంటే కాదనేదెవరు? మాద్రి ఎప్పుడో భర్తతో పాటే వెళ్లిపోయింది. నా కొడుకు సంగతేమిటని నిలదీయడానికి ఆవిడ లేదు. అయినా ధర్మరాజు ఆవిడ తరఫున ఆలోచించాడు. కుంతికి నేనున్నాను, మాద్రికీ ఒక కొడుకు మిగలాలి, ఆ ఇద్దరి మధ్య నాకు తేడా లేదు అన్నాడు. ఆనృశంస్యం అంటే క్రూరత్వం లేకపోవడం. దయ అని చెప్పేస్తే ఏదో తక్కువైనట్టుంటుంది. అధికారం చేతిలో ఉన్నప్పుడు, మారు మాట్లాడనివాడి నెత్తిన భారం వెయ్యకపోవడం అని నేను అర్థం చేసుకున్నాను.

ఎందుకంటే ఇదే ధర్మరాజు జూదంలో తమ్ముళ్లను ఒడ్డాల్సి వచ్చినప్పుడు మొదట ఒడ్డింది నకులుణ్ణే. తర్వాత సహదేవుణ్ణి. మాద్రి కొడుకులను గెలుచుకున్నాను, భీమార్జునులు నీకు మరీ విలువైనవాళ్లు కాబోలు అని శకుని పొడిచాడు. మా మధ్య చీలిక తేవాలని చూస్తున్నావా అని ధర్మరాజు మండిపడి, వెంటనే అర్జునుణ్ణీ ఒడ్డాడు. శకుని దుర్మార్గుడే, సందేహం లేదు. కానీ ఆ మాట ధర్మరాజు గుండెల్లో 12 ఏళ్లు ముల్లులా ఉండిపోయిందేమో అనిపిస్తుంది. భారతం ఆ మాట చెప్పదు, ఇది నా ఊహ. సరస్సు దగ్గర కూడా చెట్టెక్కి నీళ్లెక్కడున్నాయో చూడమని చెప్పింది నకులుడికే. నీళ్లు తెమ్మని మొదట పంపిందీ, మొదట పడిపోయిందీ అతడే. అంతసేపూ అతని నోట కాదనే మాట లేదు.

నాకు ఇది ఇంతగా తగలడానికి కారణం ఉంది. ఒకప్పుడు నా టీమ్‌లో ఒకరిని రాత్రి షిఫ్టుకు వెయ్యాలి. ఎవరికీ ఇష్టం లేదు. నేను పెద్దగా ఆలోచించకుండా ఒక కుర్రాడి పేరు రాసేశాను. అతను గొడవ చెయ్యడని నాకు తెలుసు. పని చూసి రాశానని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను కూడా. పిలిచి చెప్తే కుర్చీ వెనక చెయ్యి ఆనించి నిలబడి, "ఎప్పట్నుంచండి?" అన్నాడు. అంతే, ఇంకో ప్రశ్న లేదు. నాకు టెన్షన్ తీరిపోయింది. చాలా నెలల తర్వాత ఈ ఘట్టం మళ్లీ చదువుతుంటే ఆ గొంతే వినిపించి పుస్తకం మూసేశాను.

అర్థకామాలకన్నా ఆనృశంస్యాన్నే గొప్పగా ఎంచావు కనుక నీ తమ్ముళ్లందరూ బతుకుతారు అన్నాడు యక్షుడు. మనం ఆ వరం తెలిసి కథ వింటాం కాబట్టి నిర్ణయం తేలిగ్గా కనిపిస్తుంది. నకులుడి పేరు చెప్పిన క్షణాన ధర్మరాజుకు ఆ సంగతి తెలియదు. భీముడూ అర్జునుడూ ఇక లేరనుకునే చెప్పాడు.

ఆ తర్వాత షిఫ్టులు మార్చేటప్పుడు రాత్రి షిఫ్టుకు టీమ్‌లో అందరికన్నా బాగా పని చేసే మనిషి పేరు రాశాను. ఆయన వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. పగటి పూట పని కొన్నాళ్లు కుంటుపడింది, పైవాళ్లకు జవాబు నేనే చెప్పుకున్నాను. కుర్రాడి దగ్గరికి నేనే వెళ్లి, ఇక పగలే రమ్మని చెప్పాను. ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, మళ్లీ అదే అడిగాడు. "ఎప్పట్నుంచండి?"