శ్రీసభ నా పెళ్లి చెల్లదని తేల్చిన వైనం

కోర్టు విడాకులు ఇచ్చింది. కానీ కథోలిక శ్రీసభ (క్యాథలిక్ చర్చి) లెక్కలో నేనింకా ఆయన భార్యనే. శ్రీసభ విడాకులివ్వదు. మళ్లీ గుడిలో పెళ్లాడాలంటే, మొదటి పెళ్లి అసలు కట్టుబడలేదని మేత్రాసన ట్రిబ్యునల్, అంటే బిషప్ పరిధిలోని చర్చి న్యాయస్థానం తేల్చాలి.

అర్జీ రాయడానికి కూర్చుంటే పెళ్లయ్యాక పడ్డ బాధలే కలంలోంచి వచ్చాయి. మా విచారణ (పారిష్) గురువు చదివి, "ఇవన్నీ తర్వాతి సంగతులమ్మా. ఆరోజు బలిపీఠం ముందు 'సరే' అన్నప్పుడు ఆయన మనసులో ఏముందో అది రాయండి" అన్నారు.

పిల్లలు వద్దని ఆయన పెళ్లికి ముందే తీర్మానించుకున్నారు. నాకు మాత్రం చెప్పలేదు. సంతానాన్నే తోసిపుచ్చి చేసిన ప్రమాణం శ్రీసభ చట్టంలోని కానన్ (సూత్రం) 1101 ప్రకారం చెల్లదు. అయితే రుజువు కావాలి. అనుమానం మిగిలితే శ్రీసభ పెళ్లి వైపే మొగ్గుతుంది.

బైబిల్ మీద చెయ్యి పెట్టి వాంగ్మూలం ఇచ్చాను. ట్రిబ్యునల్ ఫాదర్ అడుగుతుంటే నోటరీ రాసుకున్నారు, తర్వాత నాతో సంతకం పెట్టించారు. నా భర్తకు నోటీసులు వెళ్లాయి, ఉలుకూ పలుకూ లేదు. అయినా కేసు ఆగలేదు. అసలు టెన్షన్ ఫైల్ చదవనిచ్చినప్పుడు మొదలైంది. అందులో వివాహ బంధ పరిరక్షకుడి వాదన ఉంది. పెళ్లి చెల్లుతుందని వాదించడమే ఆయన పని. "ఇప్పుడే వద్దనడం వాయిదా మాత్రమే, నిరాకరణ కాదు" అని రాశారు. ఒళ్లు మండింది. ఆలోచిస్తే, కేసంతా ఆ ఒక్క తేడా మీదే నిలబడి ఉంది.

దానికి జవాబు మా ఆడపడుచు సాక్ష్యంలో దొరికింది. నిశ్చితార్థం నాడే తమ్ముడు తనతో "పిల్లలు ఎప్పటికీ వద్దు, ఈ మాట ఆ అమ్మాయికి చెప్పకు" అన్నాడని ఆవిడ చెప్పారు. సొంత తమ్ముడి మీద అలా చెప్పడం మాటలు కాదు.

తీర్పు నాకు అనుకూలంగా వచ్చింది. పూర్వం అది రెండో ట్రిబ్యునల్లో కూడా నెగ్గాల్సి ఉండేది. పోప్ ఫ్రాన్సిస్ తెచ్చిన మార్పుతో 2015 డిసెంబర్ 8 నుంచి ఆ బాధ తప్పింది. అప్పీలుకిచ్చే 15 రోజుల గడువులో ఎవరూ వెళ్లలేదు.

"అయితే ఇన్నేళ్లూ పెళ్లి కాకుండానే కాపురం చేసినట్టా?" అని అమ్మ దిగులు. కాదు, చెల్లుతుందని నమ్మే నేను చేసుకున్నాను. కనీసం ఒకరైనా చెల్లుతుందని నమ్మి చేసుకున్న పెళ్లిలో పిల్లలు పుట్టినా, వాళ్లు అక్రమ సంతానం కారని కానన్ 1137 చెబుతోంది. అమ్మకు అది చదివి వినిపించాల్సి వచ్చింది.

అనుమతి లేకుండా ఆయన మళ్లీ గుడిలో పెళ్లి చేసుకోకూడదని తీర్పులోనే నిషేధం పెట్టారు. నా జ్ఞానస్నాన (బాప్తిస్మ) రిజిస్టరులో తీర్పు వివరం ఎక్కింది. కొత్త సంబంధం వాళ్లు మొదట అడిగింది ఆ వివరం ఉన్న జ్ఞానస్నాన సర్టిఫికెట్టే.