చెదరని సామాను: టురిన్‌లో ఖా, మెరిత్‌ల గది

ఈజిప్టు విగ్రహాలు, మమ్మీలు అనగానే మనకు కైరో, లండన్, పారిస్ గుర్తొస్తాయి. ఇటలీలో టురిన్ అనే ఊళ్లో అచ్చంగా ఈజిప్టు కోసమే ఒక పెద్ద మ్యూజియం ఉందని చెబితే చాలామంది నిజమా అని అడుగుతారు. అది 1824 నాటిది. ఈజిప్టులో ఫ్రాన్సు కాన్సల్‌గా పనిచేసిన బెర్నార్దినో ద్రొవెత్తి అక్కడ పోగేసిన అయిదు వేల పైచిలుకు వస్తువుల్ని టురిన్ రాజధానిగా ఏలుతున్న సార్డీనియా రాజు కార్లో ఫెలిచే కొన్నాడు, దాంతో మొదలైంది. ఈజిప్టు చిత్రలిపిని ఛేదించిన షాంపోలియన్ కూడా ఆ ఏడాదే వచ్చి ఇక్కడి రాతల్ని చదువుతూ కూర్చున్నాడు.

ఈ మ్యూజియంలో అందరూ ముందు ఫొటోలు తీసుకునేది రాతి విగ్రహాల హాల్లో. నాకూ అక్కడ కాళ్లు ఆగిపోయింది సెఖ్మెత్ అనే దేవత దగ్గరే. ఆడసింహం ముఖం, స్త్రీ శరీరం, తల మీద సూర్యబింబం, నల్లటి గట్టి రాయి. రోగాలు పంపేదీ ఆమే, నయం చేసేదీ ఆమే, అందుకని మూడో ఆమెన్‌హోతెప్ అనే రాజు క్రీ.పూ. 14వ శతాబ్దంలో ఆమె విగ్రహాలు వందల్లో చెక్కించాడు. కొన్ని కూర్చున్నవి, కొన్ని పాపిరస్ మొక్క ఆకారపు దండం పట్టుకుని నిలబడ్డవి, వాటిలో చాలావాటి మీద ఆమెను ఒక్కో పేరుతో పిలుస్తూ రాతలున్నాయి. ఏడాదిలో ప్రతి పగటికీ ఒకటి, ప్రతి రాత్రికీ ఒకటి చొప్పున చేయించి ఉంటాడని చాలామంది పండితుల అభిప్రాయం. అంటే రాతిలో చెక్కిన సహస్రనామం లాంటిది అనుకోండి, ఒక్క నామం తీసి చూపిస్తే ఏం అర్థమవుతుంది? ప్రపంచంలో చాలా మ్యూజియాల్లో ఒకటో రెండో ఉంటాయి, చూసి "బాగుంది" అనుకుని ముందుకెళ్లిపోతాం. టురిన్‌లో ఇరవై ఒకటి ఉన్నాయి. వాటి మధ్య నిలబడితే ఒక్కటి చూసినప్పుడు రాని భయం వస్తుంది. భయపడి వేడుకోవడానికి చేసినవే కదా అవి.

అక్కడి నుంచి నాకు ఒకటే విషయం బుర్రలో తిరుగుతోంది. ఈ వస్తువులకు విలువ విడివిడిగా లేదు, కలిసి ఉండటంలో ఉంది. ద్రొవెత్తి కాలంలో ఎవరు ఏ సమాధిలోంచి ఏం తీశారు, దాని పక్కన ఇంకేం ఉంది అనేది సరిగా రాసి పెట్టుకునే అలవాటే లేదు. అందుకే ఆ పాత సేకరణలో ఎంత అందమైన వస్తువైనా నాకు అనాథలా కనిపిస్తుంది. చచ్చిపోయాక పరలోకంలో పొలం పని చేయమని పిలుపొస్తే "నేనున్నాను" అని బదులు పలకాల్సిన ఉషబ్తి బొమ్మలు వరసగా నిలబడి ఉంటాయి, వాటి యజమాని ఎక్కడున్నాడో తెలియదు. కాలేయం, ఊపిరితిత్తులు, పొట్ట, పేగులు దాచిన నాలుగు జాడీలు, మనిషి తల, కోతి తల, నక్క తల, డేగ తల మూతలతో ఉంటాయి, ఆ అవయవాలు ఎవరివో ఆ మనిషి ఇంకెక్కడో. మన హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఉన్న మమ్మీ సంగతీ అంతే. నిజాం కాలంలో ఈజిప్టు నుంచి వచ్చింది, ఎన్నో స్కూళ్ల పిల్లలు దాన్ని చూడటానికి వెళ్తుంటారు, కానీ ఆ మనిషి కోసం ఇంట్లోవాళ్లు సమాధిలో పెట్టిన సామానంతా ఆ మమ్మీ చుట్టూ లేదు.

ఖా, మెరిత్‌ల గది ఇందుకు పూర్తిగా భిన్నం. ఎవరైనా టురిన్ వెళ్తుంటే నేను చెప్పేది ఒక్కటే, రాజుల హాల్లో టైమంతా అవగొట్టకుండా ఈ గదికి కనీసం గంట ఉంచుకోండి.

ఖా రాజు కాదు. రాజుల సమాధులు తొలిచే పనివాళ్ల ఊరు దెయిర్ ఎల్-మెదీనాలో పనులు చేయించిన పెద్ద. రెండో ఆమెన్‌హోతెప్ దగ్గర మొదలుపెట్టి, ఆ సెఖ్మెత్‌లు చెక్కించిన మూడో ఆమెన్‌హోతెప్ కాలం దాకా పనిచేశాడు. మెరిత్ అతని భార్య. వీళ్ల సమాధిని 1906 ఫిబ్రవరిలో ఈ మ్యూజియం డైరెక్టర్ ఎర్నెస్తో స్కియాపరెల్లి బృందం కనిపెట్టింది. అప్పటికి దానికి దాదాపు 3,300 ఏళ్లు, దొంగల చెయ్యి పడలేదు. కారణం కూడా బాగుంటుంది: పూజలు చేసే చిన్న గుడి ఒకచోట కట్టి, సమాధిని మాత్రం దాని కింద కాకుండా కాస్త దూరంగా కొండ అడుగున తొలిచారు. గుడి దగ్గర తవ్వినవాళ్లకు ఏమీ దొరకలేదు.

దొరికినవన్నీ దాదాపు టురిన్‌కే వచ్చాయి, ఒకటీ అరా కైరోలో ఉండిపోయాయి. అప్పటి చట్టం ప్రకారం పురావస్తు శాఖ అధిపతి మాస్పెరో పంపకానికి ఒప్పుకున్నాడు. ఈజిప్టు నేలలోంచి ఇంత సామాను ఇటలీకి తరలిపోవడం న్యాయమా అంటే కాదనే నా అభిప్రాయం, ఆ రోజుల్లో ఆ దేశాన్ని శాసించింది బ్రిటన్, ఆ శాఖను నడిపింది ఫ్రెంచివాళ్లు, ఈజిప్టు జనాన్ని అడిగినవాళ్లు లేరు. అయినా ముక్కలు ముక్కలుగా అమ్ముడుపోలేదు, అందుకు మాత్రం సంతోషిస్తాను.

ఆ గదిలో ఏముందో చెప్పాలంటే ఎక్కడ ఆపాలో తెలియదు. మంచాలు, స్టూళ్లు, రంగులేసిన పెట్టెలు, రకరకాల ఆకారాల్లో రొట్టెలు, జీలకర్ర, వెల్లుల్లి. మెరిత్ విగ్గు, అది పెట్టుకోవడానికి పొడవాటి పెట్టె, కాటుక గొట్టం. ఖా గోచీలు, చొక్కాల మీద అతని గుర్తు కుట్టి ఉంది, చాకలి దగ్గర బట్టలు మారిపోకుండా. రెండు కొలబద్దలున్నాయి: బంగారు రేకు తొడిగిన ఒకటి రెండో ఆమెన్‌హోతెప్ పేరుతో వచ్చిన గౌరవం, ఇంకోటి మడత పెట్టే మామూలు చెక్కది, తోలు సంచితో సహా. రెండోదే అతను రోజూ వాడినదై ఉంటుందని నాకు అనిపిస్తుంది, దాని దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డాను. ఒక కుర్చీ మీద ఖా చిన్న చెక్క విగ్రహం, దానికి పూలదండ. ఆ విగ్రహం అలంకారం కాదు, తెచ్చిపెట్టిన ఆహారం అందుకోవడానికి అతని 'కా', అంటే ప్రాణశక్తి, నిలిచే చోటు. ఒంటరిగా ఏదో షెల్ఫులో ఉంటే "చెక్క బొమ్మ" అని లేబుల్ వేసి వదిలేసేవాళ్లు. కుర్చీ, దండ, రొట్టెలు పక్కనే ఉంటేనే అది ఏ పని కోసం చేశారో కళ్లకు కడుతుంది.

మెరిత్ శవపేటిక సంగతి చెప్పకుండా ఉండలేను. దాని మీద ఉన్న పేరు ఆమెది కాదు, ఖాది. భర్త తన కోసం చేయించుకున్న పేటికలో భార్యను పడుకోబెట్టారు, అంటే ఆమె ముందుగా, ఎవరూ అనుకోని సమయంలో పోయి ఉంటుంది. ఆమె ఒంటికి అది పెద్దదైంది, మిగిలిన ఖాళీని బట్టలతో నింపారు, ఆ బట్టల మీద కూడా ఖా గుర్తే. ఇది ఏ పాపిరస్ కాగితం మీదా రాసి లేదు, పేటిక, శరీరం, బట్టలు ఒకేచోట దొరికాయి కాబట్టి తెలిసింది. వీటిని మూడు దేశాల్లో మూడు మ్యూజియాలు కొనుక్కుని ఉంటే ఆ భర్త ఏం చేశాడో మనకు ఎప్పటికీ తెలిసేది కాదు.

ఇంకో విచిత్రం. ఆ సమాధికి దూరంగా కట్టిన గుడిలోని శిలాఫలకం ద్రొవెత్తి సేకరణతో చాలా దశాబ్దాల ముందే టురిన్ చేరి ఉంది. ఖా, మెరిత్‌ల పేర్లున్న రాయి ముందొచ్చింది, వాళ్లు తర్వాతొచ్చారు. గుడి మీది చిన్న పిరమిడ్ శిఖరం మాత్రం పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. ఫలకం ఇక్కడికి చేరడం కేవలం అదృష్టం, శిఖరం విషయంలో ఆ అదృష్టం లేకపోయింది.

స్కియాపరెల్లి చేసిన పనిలో లోపాలున్నాయి. సమాధిని గబగబా ఖాళీ చేయించాడు, పూర్తి వివరాలు 1927 దాకా అచ్చు కాలేదు. కానీ ఇద్దరి మమ్మీలనూ విప్పలేదు, మ్యూజియం కూడా ఆ తర్వాత విప్పనివ్వలేదు. ఆ రోజుల్లో మమ్మీల కట్లు విప్పడం జనం ముందు జరిగే తమాషా అని గుర్తుంచుకోండి. 1966లో ఎక్స్‌రే తీస్తే కట్ల కింద బంగారు హారాలు, చెవిపోగులు వేసినవి వేసినట్టే ఉన్నాయి, ఖా మెడలో ఉన్నది రాజు బహుమానంగా ఇచ్చే రకం బంగారు హారం.

ఖా సమాధిలో దొరికిన జాడీల విషయంలోనూ ఇదే ఓపిక పనికొచ్చింది. మూతలు బిగించిన కొన్ని పాత్రల్ని తెరవకుండానే, వాటిలోంచి వచ్చే వాసన అణువుల్ని ఇటలీ శాస్త్రవేత్తలు సంచుల్లో పట్టి పరీక్షించారు. 2022లో వచ్చిన ఆ ఫలితాల్లో తేనెమైనం, ఎండు చేప ఆనవాళ్లు తేలాయి. జాడీలోకి చెయ్యి పెట్టకుండానే ఇంత తెలిసింది. పదేళ్ల తర్వాత ఇంకా మెరుగైన పరికరాలు వస్తాయి, అప్పటిదాకా ఆ మూతల్ని ఎవరూ కదపొద్దనే నా కోరిక.