వాక్యం అక్కడ ఆగలేదు

బుధవారం, రాత్రి పదిన్నర. ఒహాయోలోని ఆష్‌ల్యాండ్ యూనివర్సిటీ హాస్టల్ గదిలో ఉన్నాను. టీచర్ల కోసం వేసవిలో ఒక్కో వారం చొప్పున పెట్టే అమెరికా చరిత్ర, ప్రభుత్వం ఎం.ఏ. క్లాసులివి. ఇక్కడ పాఠ్యపుస్తకం చదవరు. ఆ కాలపు చట్టాలు, ఉత్తరాలు, ఉపన్యాసాలే ముందు రాత్రి చదువుకుని, పొద్దున బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడుకోవాలి. నాకు ఇది కొత్త. పౌరసత్వ ఇంటర్వ్యూకి వంద ప్రశ్నలూ బట్టీ పట్టినప్పుడు దేనికైనా ఒక్క లైను జవాబుంటే సరిపోయేది.

ఇవాళ 1787 జూలై 13 నాటి నార్త్‌వెస్ట్ ఆర్డినెన్స్, అంటే ఒహాయో నదికి ఉత్తరాన ఉన్న కొత్త ప్రాంతాన్ని ఎలా పాలించాలో చెప్పిన చట్టం. ఒహాయోలో ఎనిమిదో తరగతికి సోషల్ చెప్పేదాన్ని, దీని మీదే కదా మా రాష్ట్రం పుట్టింది, నాకు బాగా తెలుసనే ధైర్యంతో వెళ్ళాను. ఒహాయో నదికి ఉత్తరాన బానిసత్వం ఉండకూడదు అన్న ఆరో అధికరణం ఏటా బోర్డు మీద రాస్తాను. ప్రొఫెసర్ గారు దాన్ని నన్నే పైకి చదవమన్నారు. చదువుతూ పోతుంటే, నేను ఇన్నేళ్ళూ ఫుల్‌స్టాప్ పెట్టిన చోట వాక్యం ఆగలేదు. 'అయితే' అంటూ ఇంకా సాగింది: పాత రాష్ట్రాల నుంచి పారిపోయి ఇక్కడికి వచ్చినవాళ్ళ చాకిరీ మీద ఎవరికైనా చట్టప్రకారం హక్కుంటే, వచ్చి పట్టుకుపోవచ్చు. నా గొంతు కొంచెం తడబడింది. నేల ఏమో స్వేచ్ఛగా ఉందట, ఆ నేల మీదికి పరుగెత్తుకొచ్చిన మనిషికి మాత్రం స్వేచ్ఛ లేదు, రెండూ ఒకే వాక్యంలో.

మధ్యలో ఇంకో ముక్క కూడా ఉంది, నేరం రుజువై శిక్ష పడినవాళ్ళకి తప్ప అని. 1865లో దేశమంతటా బానిసత్వాన్ని రద్దు చేసిన రాజ్యాంగ పదమూడో సవరణలోకి దాదాపు అవే మాటలు వచ్చాయి. అలబామా నుంచి వచ్చిన టీచర్ ఒకావిడ, తమ రాష్ట్రంలో ఖైదీలని బొగ్గు గనులకి అద్దెకిచ్చే పద్ధతి 1928 దాకా నడిచిందని నెమ్మదిగా చెప్పింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

సాయంత్రం గదిలో కూర్చోబుద్ధి కాలేదు. కారు తీసుకుని ఉత్తరంగా వెల్లింగ్టన్ దాకా వెళ్ళొచ్చాను. కెంటకీలో బానిసత్వం నుంచి తప్పించుకుని దగ్గర్లోని ఓబర్లిన్ ఊళ్ళో బతుకుతున్న జాన్ ప్రైస్ అనే కుర్రాడిని 1858 సెప్టెంబర్‌లో, పారిపోయిన బానిసల్ని పట్టుకునేవాళ్ళు మాయమాటలతో బయటికి రప్పించి పట్టుకుని, రైలెక్కించడానికి ఈ ఊరి హోటల్లో దాచారు. ఓబర్లిన్ నుంచి విద్యార్థులు, ఊరివాళ్ళు, నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసి వచ్చి విడిపించి కెనడాకి పంపేశారు. అందుకు 37 మంది మీద కేసు పెట్టారు. ఇద్దరికి విచారణ జరిపి శిక్ష వేశారు. వాళ్ళలో చార్లెస్ లాంగ్‌స్టన్ నల్లజాతి టీచర్, ఇరవై రోజుల జైలు, వంద డాలర్ల జరిమానా. ఒహాయో నది దాటితే చాలని పిల్లలకి చెప్తూ వచ్చాను, చాలదు కాబట్టే ఆ అబ్బాయి దేశం కూడా దాటాల్సి వచ్చింది. ఊరి మధ్య పార్కు దగ్గర ఆగి చాలాసేపు కూర్చున్నాను, ఐస్‌క్రీం తింటూ పిల్లలు తిరుగుతున్నారు, మా క్లాసు పిల్లల వయసే.

వాళ్ళకి పదమూడేళ్ళు, ఇంత చేదు ఎందుకని తల్లిదండ్రులు అడగొచ్చు. అయినా ఆగస్టులో ఆ అధికరణం మొత్తం అచ్చువేసి ఇస్తాను. ముందు నేనేమీ చెప్పను. పైకి చదవమంటాను, 'అయితే' దగ్గర ఎవరు ఆగుతారో చూస్తాను.

అమ్మ ఫోన్ చేసి, తిన్నావా అమ్మా, ఇంకా ఎన్నాళ్ళే అంది. శనివారం ఇంట్లో ఉంటానని చెప్పాను. రేపటికి లింకన్ 1860లో న్యూయార్క్‌లోని కూపర్ యూనియన్‌లో చేసిన ఉపన్యాసం. కొత్త ప్రాంతాల్లో బానిసత్వాన్ని కేంద్ర ప్రభుత్వం అదుపు చేయొచ్చా అన్న విషయంలో, రాజ్యాంగం మీద సంతకం పెట్టిన 39 మందిలో ఎవరెవరు ఏ ఓటు వేశారో ఆయన ఒక్కొక్కరినీ లెక్కపెడుతున్నాడు, ఈ ఆర్డినెన్స్‌తో సహా. పెన్సిల్‌తో నేనూ పక్కన లెక్క రాసుకుంటున్నాను.